గోల్ గీత మీద రెండు చేతులు



2010 జులై 2. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ నగరం, సాకర్ సిటీ స్టేడియం. ప్రపంచ కప్ ఫుట్‌బాల్ క్వార్టర్ ఫైనల్. ఒకవైపు ఉరుగ్వే, మరోవైపు ఘనా. స్టేడియంలో 84 వేల మంది. అప్పటిదాకా ఆఫ్రికా ఖండం నుంచి ఏ జట్టూ ప్రపంచ కప్ సెమీ ఫైనల్ చేరలేదు. ప్రపంచ కప్ ఆఫ్రికా గడ్డ మీద జరగడం కూడా అదే మొదటిసారి. ఘనా గెలిస్తే అది ఒక్క దేశం గెలుపుగా ఉండదని అక్కడున్న వాళ్లందరికీ తెలుసు.

స్కోరు 1-1. అదనపు సమయం కూడా అయిపోవచ్చింది. ఆఖరి క్షణాల్లో ఘనాకు ఫ్రీ కిక్ దొరికింది. బంతి ఉరుగ్వే గోల్ ముందు గుంపులో పడింది. స్టీఫెన్ అప్పియా కొట్టిన బంతి, గోల్ గీత మీద నిలబడ్డ లూయిస్ సువారెజ్ కాలికి తగిలి వెనక్కొచ్చింది. ఆ వెంటనే డొమినిక్ అడియా తలతో కొట్టాడు. గోల్‌కీపర్ అందుకునే చోట లేడు. బంతి సూటిగా వలలోకి పోతోంది. సువారెజ్ రెండు చేతులూ ఎత్తి దాన్ని బయటికి నెట్టేశాడు.

రిఫరీ చూశాడు. ఎర్ర కార్డు చూపించి సువారెజ్‌ను బయటికి పంపాడు, ఘనాకు పెనాల్టీ కిక్ ఇచ్చాడు. అసమోవా గ్యాన్ కొట్టిన ఆ కిక్ గోల్ పైకర్రకు తగిలి ఎగిరిపోయింది. మైదానం అంచున నిలబడి చూస్తున్న సువారెజ్ గంతులు వేశాడు. తర్వాత పెనాల్టీ షూటౌట్ జరిగింది. అందులో ఘనా మొదటి కిక్ మళ్లీ గ్యానే కొట్టాడు, ఈసారి గోల్ చేశాడు. ఆ గుండె నిబ్బరం గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు, చెప్పుకోవాలి. సువారెజ్ ఆపిన ఆ బంతిని తలతో కొట్టిన అడియా మాత్రం షూటౌట్‌లో తన కిక్‌ను గోల్ చేయలేకపోయాడు. ఉరుగ్వే 4-2తో గెలిచి సెమీ ఫైనల్‌కు వెళ్లింది. సువారెజ్ స్వదేశంలో వీరుడయ్యాడు. ఈ టోర్నమెంట్‌లో అందరికంటే మంచి సేవ్ చేసింది తానేనని ఆయన చెప్పుకున్నాడు.

గెలుపు కోసం, తెలిసి తెలిసి, అందరూ చూస్తుండగా నియమాన్ని ఉల్లంఘించడం తప్పా, ఒప్పా? ఈ వేళ నేను మీతో మాట్లాడదలచుకున్నది దీని గురించే. దొంగచాటుగా చేసే మోసం సంగతి నా విషయం కాదు. 2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాళ్లు గరుకు కాగితంతో బంతిని రుద్దారు. స్మిత్, వార్నర్‌లను వాళ్ల బోర్డే ఏడాదిపాటు నిషేధించింది. ఆ ఏడాది ఐపీఎల్‌కు వార్నర్ దూరమై సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్సీ కేన్ విలియమ్సన్‌కు వెళ్లిందని మన ప్రాంత శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. అటువంటి దాన్ని తప్పు కాదనేవాళ్లు అరుదు. కాగితం జేబులో దాచుకున్నవాడికే అది తప్పని తెలుసు, లేకపోతే దాచడు. సువారెజ్ ఏదీ దాచలేదు. శిక్ష పడుతుందని తెలిసే చేశాడు, పడ్డ శిక్ష అనుభవించాడు. సెమీ ఫైనల్ ఆడలేకపోయాడు, ఆయన లేని ఉరుగ్వే నెదర్లాండ్స్ చేతిలో 3-2 తేడాతో ఓడిపోయింది. అందుకే ఈ ప్రశ్న చిక్కైనది.

సువారెజ్ పక్షాన చెప్పే వాదం గట్టిదే. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. చేత్తో బంతిని ఆపితే ఎర్ర కార్డు, పెనాల్టీ అని నియమావళిలోనే రాసి ఉంది. ఆ రెండూ అమలయ్యాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. రిఫరీని మోసగించలేదు. పెనాల్టీలు సుమారు నాలుగింట మూడు గోల్ అవుతాయి, అంటే ఘనాకు గెలిచే అవకాశమే ఎక్కువగా మిగిలింది. దాన్ని వాళ్లు వాడుకోలేకపోయారు. మరి సువారెజ్ తప్పేముంది? పన్నెండేళ్ల తర్వాత, 2022లో ఖతర్‌లో ఉరుగ్వే, ఘనా మళ్లీ తలపడినప్పుడు సువారెజ్ కూడా ఇదే అన్నాడు. నేను క్షమాపణ చెప్పను, పెనాల్టీ పోగొట్టుకున్నది నేను కాదు, ఎవరినైనా గాయపరిచి ఉంటే క్షమాపణ అడిగేవాణ్ణి అని ఆయన మాట సారాంశం.

ఈ వాదంలో నాకు కనిపించే లోపం ఒక్కటే. అది శిక్షను ధరగా మార్చేస్తుంది. కూడలిలో ఎర్ర దీపం దాటి దూసుకుపోయినవాడు చలానా కడతాడు. చలానా కట్టాను కాబట్టి ఆ దాటడం నా హక్కు అని అతను అంటే మనం ఒప్పుకోం. చలానా ఎర్ర దీపం దాటడానికి టికెట్టు కాదు. దాటవద్దని చెప్పడానికి ప్రభుత్వం పెట్టుకున్న సాధనం. ధర అయితే అమ్మేవాడు ఒప్పుకుని పుచ్చుకోవాలి. ఘనా తన గోల్‌ను అమ్మకానికి పెట్టలేదు. గోల్ పోయింది, దాని బదులు గోల్ కొట్టే అవకాశం చేతికి వచ్చింది. ఆ రెండూ ఒకటి కావు. బంతి గీత దాటి ఉంటే ఆట అక్కడితో ముగిసేది, గ్యాన్ ఆ భారమంతా మోస్తూ పెనాల్టీ చుక్క దగ్గరికి నడవాల్సిన పనే ఉండేది కాదు.

ఆటలు అంటే ఏమిటని ఆలోచించినవాళ్లలో బెర్నార్డ్ సూట్స్ ఒకరు. 1978లో ఆయన రాసిన గ్రాస్‌హాపర్ అనే పుస్తకం క్రీడా తత్వశాస్త్రంలో పేరున్నది. అవసరం లేని అడ్డంకులను మనంతట మనం నెత్తిన వేసుకుని వాటిని దాటడానికి ప్రయత్నించడమే ఆట అని ఆయన భావం. పదకొండు మంది ఒక బంతిని వలలో పడేయాలంటే చేతులతో పట్టుకుని పరుగెత్తడం కంటే సులువైనది లేదు. చేతులు వాడం అని ఒప్పుకున్నాకే అది ఫుట్‌బాల్ అయింది. ఆ ఒప్పందం రెండు గంటలపాటు అడుగడుగునా పాటించి, అది తనకు నష్టం చేసే ఒక్క క్షణంలో వదిలేసినవాడు అప్పటిదాకా దాన్ని నిజంగా ఒప్పుకున్నట్టా? నా మటుకు నేను ఒప్పుకున్నట్టు కాదనే అంటాను. ఖరీదు లేని రోజున అందరూ నియమం పాటిస్తారు.

అయితే అన్ని ఫౌళ్లనూ ఒకే గాటన కట్టకూడదు. బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకు తెలుసు, చివరి నిమిషంలో వెనకబడిన జట్టు కావాలనే ఫౌల్ చేస్తుంది. గడియారం ఆగుతుంది, ఎదుటి జట్టుకు ఫ్రీ త్రోలు వస్తాయి, బంతి మళ్లీ తమ చేతికి వస్తుందని ఆశ. కోచ్ కేక వేసి మరీ చేయిస్తాడు. ఎదుటి జట్టు ఆశ్చర్యపోదు, ప్రేక్షకులు ఈసడించుకోరు. అమెరికాలో తత్వవేత్తలు దీని మీద ఏళ్ల తరబడి వాదించుకున్నారు. మంచి ఫౌల్ అనేది మంచిది కాదని వారెన్ ఫ్రేలీ 1982లోనే రాశారు. అన్యాయానికి గురైన జట్టుకు సరైన పరిహారం ముట్టే చోట అలాంటి ఫౌల్‌ను సమర్థించవచ్చని రాబర్ట్ సైమన్ తర్వాత బదులిచ్చారు. ఈ విషయంలో నేను సైమన్ వైపు కొంతదూరం వెళ్తాను. బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో కూడా ఒక నైపుణ్యమే, దాన్ని సాధన చేసినవాడికి ఆ ఫౌల్ వల్ల లాభమే. నష్టపోయినవాడికి చేతినిండా తిరిగి వస్తుంటే, అది ఆట లోపలి బేరం అనుకోవచ్చు. కానీ ఆ బేరం ఎక్కడ ఆగాలో నిర్ణయించేది కూడా నియమాలు రాసేవాళ్లే. బంతికి దూరంగా నిలబడ్డ, ఫ్రీ త్రోలు సరిగా వేయలేని ఆటగాణ్ణి వెతికి వెతికి ఫౌల్ చేయడం ముదిరినప్పుడు ఎన్‌బీఏ ఒక ఫ్రీ త్రోతో పాటు బంతిని కూడా ఎదుటి జట్టుకే ఇచ్చే నియమాన్ని చివరి రెండు నిమిషాలకు పెట్టింది. 2016లో దాన్ని ప్రతి క్వార్టర్ చివరి రెండు నిమిషాలకూ విస్తరించింది. ఎక్కడైతే ఫౌల్ లాభసాటి అయిందో అక్కడ లాభాన్ని తీసేశారు.

ఫుట్‌బాల్‌లో ఇంకా మొరటు పని ఒకటుంది. గోల్ వైపు ఒంటరిగా దూసుకుపోతున్నవాణ్ణి వెనకనుంచి పడగొట్టడం. 1980 ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో వెస్ట్ హామ్ ఆటగాడు పాల్ అలెన్ వయసు 17. ఆఖర్లో బంతితో గోల్ వైపు పోతున్న ఆ కుర్రాణ్ణి ఆర్సెనల్ డిఫెండర్ విల్లీ యంగ్ వెనకనుంచి తన్ని పడేశాడు. అప్పటి నియమాల ప్రకారం పసుపు కార్డు, ఫ్రీ కిక్, అంతే. అది ఇంగ్లండ్‌ను కదిలించింది. ఖాయమైన గోల్ అవకాశాన్ని ఫౌల్‌తో పోగొడితే ఎర్ర కార్డు అన్న నియమం ఆ తర్వాత పదేళ్లకు ప్రపంచమంతా వచ్చింది.

వచ్చినా ఏమైంది? 2020 జనవరి 12న సౌదీ అరేబియాలోని జెద్దాలో స్పానిష్ సూపర్ కప్ ఫైనల్. రియల్ మాడ్రిడ్, అట్లెటికో మాడ్రిడ్. అదనపు సమయంలో అట్లెటికో ఆటగాడు మొరాటా గోల్‌కీపర్ ముందుకు ఒంటరిగా దూసుకుపోతుంటే రియల్ ఆటగాడు వాల్వెర్దె వెనకనుంచి కాళ్లు కొట్టి పడేశాడు. ఎర్ర కార్డు పడింది. ఫౌల్ పెనాల్టీ బాక్సు బయట జరిగింది కాబట్టి పెనాల్టీ కూడా లేదు, ఫ్రీ కిక్కే. రియల్ షూటౌట్‌లో కప్పు గెలిచింది. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి ఎవరికిచ్చారో తెలుసా? వాల్వెర్దెకే. నష్టపోయిన జట్టు కోచ్ సిమియోనే కూడా అతణ్ణి తప్పుపట్టలేదు, ఆ స్థితిలో చేయవలసిందే చేశాడని మెచ్చుకున్నాడు.

సిమియోనే మాటను చాలామంది పెద్దరికంగా చూశారు. నేను అలా చూడలేను. నష్టపోయినవాడే ఒప్పుకున్నాడు కదా అంటారు. ఒప్పుకున్నాడు, ఎందుకంటే రేపు తన ఆటగాడు కూడా అదే చేయాలని ఆయన కోరుకుంటాడు. ఇద్దరు కోచ్‌లు కలిసి ఒప్పుకున్నంత మాత్రాన అది ఆటకు న్యాయం కాదు. ఒక ఆటగాడు నలుగురిని దాటుకుని గోల్‌కీపర్ ఎదుటికి వెళ్లే క్షణం కోసమే జనం గంటన్నర కూర్చుంటారు. ఆ క్షణాన్ని కాళ్లు కొట్టి తెంపేసిన పనికి బహుమతి ఇవ్వడమంటే, ఆట దేనికోసం పుట్టిందో మరిచిపోవడమే. పైగా ఇక్కడ కాలో చీలమండో విరిగే ప్రమాదం ఉంది. సువారెజ్ తానే గీసిన గీత ప్రకారం చూసినా, వాల్వెర్దె చేసిన పని సువారెజ్ చేసిన దానికంటే హీనం.

మనకు బాగా దగ్గరగా జరిగినది ఇంకొకటుంది. అదీ 2010లోనే, ఆగస్టు 16న, శ్రీలంకలోని దంబుల్లాలో. శ్రీలంక 170 పరుగులకు ఆలౌటైంది. భారత్ గెలవడానికి ఒక్క పరుగు కావాలి. వీరేంద్ర సెహ్వాగ్ 99 మీద ఉన్నాడు. ఆఫ్ స్పిన్నర్ సూరజ్ రణదీవ్ గీత దాటి బాగా ముందుకు కాలు వేసి బంతి విసిరాడు. సెహ్వాగ్ దాన్ని సిక్సర్‌గా కొట్టాడు. అయితే నోబాల్ పడగానే వచ్చిన ఒక్క పరుగుతో మ్యాచ్ అయిపోయింది కాబట్టి ఆ సిక్సర్ లెక్కలోకి రాలేదు. సెహ్వాగ్ 99 నాటౌట్‌గా మిగిలాడు. శ్రీలంక బోర్డు విచారణ జరిపి రణదీవ్‌ను ఒక మ్యాచ్ ఆడనివ్వలేదు, ఫీజు కోసింది. అతణ్ణి ప్రోత్సహించిన దిల్షాన్‌కు కూడా జరిమానా వేసింది. సొంత ఆటగాళ్లను సొంత బోర్డే శిక్షించడం మెచ్చదగినది.

రణదీవ్ చేసిన దానివల్ల శ్రీలంకకు ఒరిగింది ఏమీ లేదు, ఎదుటివాడికి దక్కవలసినది దక్కకుండా పోయింది. ఆ రోజు దేశమంతా కోపంతో ఊగింది. ఊగడం న్యాయమే. అయితే అదే ఏడాది, ఆరు వారాల ముందు, సువారెజ్ చేసిన పనిని మనలో చాలామంది తెలివి అన్నారు. మనవాడు చేస్తే తెలివి, అవతలివాడు చేస్తే తొండి. ఈ రెండు నాల్కల తీర్పు ఉన్నంతకాలం ఈ విషయం మీద మన మాటకు విలువుండదు.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పాలి. నియమం ఇచ్చిన హక్కును వాడుకోవడం వేరు, నియమాన్ని ఉల్లంఘించడం వేరు. 2022 సెప్టెంబరులో లార్డ్స్ మైదానంలో దీప్తి శర్మ, అవతలి చివర క్రీజు వదిలి ముందుకు వెళ్లిన చార్లీ డీన్‌ను రనౌట్ చేసినప్పుడు ఇంగ్లండ్‌లో గగ్గోలు పుట్టింది. దీప్తి ఏ తప్పూ చేయలేదు. బంతి పడకముందే నాలుగడుగులు కలిసొస్తాయని క్రీజు వదిలే బ్యాటర్‌దే ఆ తొందర. నియమాన్ని పాటించినవాళ్లను నిందించి, ఉల్లంఘించినవాళ్లను తెలివైనవాళ్లనే అలవాటు మనకెందుకు?

2012 లండన్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ కథ అంచున మన హైదరాబాద్ అమ్మాయి ఉంది. మహిళల డబుల్స్‌లో ఆ ఏడాది గ్రూపు దశ పెట్టారు. అప్పటికే తర్వాతి దశకు అర్హత సాధించిన జట్లు కొన్ని, నాకౌట్‌లో తమకు అనుకూలమైన ప్రత్యర్థి రావాలని, గ్రూపు చివరి మ్యాచ్ ఓడిపోవాలని చూశాయి. జులై 31 సాయంత్రం చైనా, దక్షిణ కొరియా జోడీలు పోటీపడి సర్వీసులను వలకు కొట్టారు. వాళ్లలో చైనా జోడీది ప్రపంచంలో మొదటి ర్యాంకు. డబ్బు పెట్టి టికెట్టు కొన్న జనం అరిచి గోలపెట్టారు. రిఫరీ వచ్చి మందలించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకో మ్యాచ్‌లో మరో కొరియా జోడీ, ఇండొనేషియా జోడీ అదే పని చేశారు. మర్నాడు ఎనిమిది మందినీ ఒలింపిక్స్ నుంచి బయటికి పంపారు. గెలవడానికి పూర్తిగా ప్రయత్నించాలన్న నియమాన్ని వాళ్లు ఉల్లంఘించారు.

అదే పోటీల్లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప జోడీ మూడు మ్యాచ్‌లలో రెండు గెలిచింది. గ్రూపులో మూడు జట్లు సమానమయ్యాయి. పాయింట్ల తేడా లెక్కలో, ఒక్క పాయింటుతో, మన జోడీ ఇంటిదారి పట్టింది. గ్రూపులోని జపాన్ జోడీ చైనీస్ తైపీ చేతిలో ఓడిపోయిన తీరు మీద అనుమానం ఉందని భారత్ ఫిర్యాదు చేసింది, అధికారులు తోసిపుచ్చారు. ఆ మ్యాచ్‌లో ఏం జరిగిందన్న దాని మీద నేను తీర్పు చెప్పను. కానీ ఆ వారం లండన్‌లో ఎవరైనా ఓడిపోతే, నిజంగా ఓడారా అని అడగాల్సిన పరిస్థితి వచ్చింది. కావాలని చేసే ఉల్లంఘన వల్ల కలిగే పెద్ద నష్టం అదే. నిజాయితీగా ఓడినవాడిని కూడా జనం నమ్మరు.

బహిష్కరణకు గురైన ఎనిమిది మందిలో ఇండొనేషియా అమ్మాయి గ్రేసియా పోలి ఒకరు. ఆమె ఆట వదలలేదు. తొమ్మిదేళ్ల తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో అప్రియాని రహాయుతో కలిసి డబుల్స్ స్వర్ణం గెలిచింది. ఆమె కథ నాకు ఎంతో ఇష్టం. లండన్‌లో ఆమె చేసింది తప్పే, దానికి పడిన శిక్ష సరైనదే, టోక్యోలో పతకం ఆమె కష్టార్జితమే. ఈ మూడూ ఒకే మనిషి విషయంలో నిజం కావచ్చు.

ఇప్పుడు మళ్లీ జొహానెస్‌బర్గ్ గోల్ గీత దగ్గరికి. రగ్బీలో ఒక నియమం ఉంది. ఫౌల్ చేయకపోయి ఉంటే పాయింట్లు వచ్చేవే అని రిఫరీకి అనిపిస్తే, వచ్చినట్టే లెక్కకట్టి ఏడు పాయింట్లు ఇచ్చేస్తాడు. ఫౌల్ చేసినవాడికి కార్డు కూడా చూపిస్తాడు. దాన్ని పెనాల్టీ ట్రై అంటారు. బాస్కెట్‌బాల్‌లో బుట్ట మీదికి దిగుతున్న బంతిని డిఫెండర్ ముట్టుకుంటే, బంతి బుట్టలో పడినట్టే లెక్క. ఎవరి అదృష్టం మీదా వదిలిపెట్టరు. ఫుట్‌బాల్‌లోనూ గీత మీద చేత్తో ఆపిన బంతిని గోల్‌గా ప్రకటించే నియమం రావాలి. అలాంటి నియమం ఉండి ఉంటే సువారెజ్ చేతులు ఎత్తేవాడే కాదు, ఎత్తినా ఘనాకు ఏ నష్టమూ ఉండేది కాదు. నియమాలు మార్చే అంతర్జాతీయ మండలి ఇంత చిన్న పని చేయకపోవడం నాకు అర్థం కాదు. ఈనాటికీ ఆ బంతికి ఎర్ర కార్డు, పెనాల్టీ మాత్రమే.

నియమాలు మారేదాకా మన చేతుల్లో ఏమీ లేదా అంటే, ఉంది. శ్రోతల్లో వ్యాయామోపాధ్యాయులు, క్లబ్బుల కోచ్‌లు, ఆదివారం పొద్దున పిల్లల్ని మైదానానికి తీసుకెళ్లే తల్లిదండ్రులు ఉంటారు. మండల స్థాయి స్కూల్ గేమ్స్ చూడటానికి వెళ్లినవాళ్లెవరికైనా గీత అవతలి నుంచి వినిపించే కేకలు తెలుసు. పోనీకు, లాగెయ్, పడెయ్, కార్డొస్తే రానీ. ఆ కేక వేసేది పన్నెండేళ్ల పిల్లలు కాదు, మనమే. అంతర్జాతీయ ఆటగాడికి కోట్ల రూపాయలు, దేశం పరువు అనే ఒత్తిళ్లు ఉంటాయి. జిల్లా జట్టులోకి రావాలని పరుగెత్తే ఏడో తరగతి పిల్లకు ఆ ఒత్తిడి మనం పెడితేనే ఉంటుంది.

మాస్టార్లూ, మీకు నాదొక విన్నపం. ఈసారి టోర్నమెంట్‌కు ముందు పిల్లలను కూర్చోబెట్టి ఆ క్వార్టర్ ఫైనల్ చివరి నిమిషం వీడియో చూపించండి. ఘనా జట్టులో మీరుంటే ఏమనిపించేదో ముందు అడగండి, ఉరుగ్వే జట్టులో ఉంటే ఏం చేసేవారో తర్వాత అడగండి. వాళ్లు వాదించుకుంటే వాదించుకోనివ్వండి. తర్వాత మాత్రం మీ మాట స్పష్టంగా చెప్పండి. మా జట్టులో ఎవరైనా కావాలని ఫౌల్ చేసి గోల్ ఆపితే, రిఫరీ చూసినా చూడకపోయినా, మ్యాచ్ గెలిచినా సరే, తర్వాతి మ్యాచ్‌కు వాళ్లు బయటే కూర్చుంటారని చెప్పండి. చెప్పి, అన్న మాట మీద నిలబడండి.